ఉద్యోగము, రంగస్థలము, వెండితెర
(భిలాయిలోని తెలుగు ఉద్యోగుల కుటుంబ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



చలనచిత్ర నటులను, టెలివిజను కళాకారులను గూర్చి ముచ్చటించునపుడు వారి కీర్తిని, సంపదను పేర్కొనుట వాడుక. వారెచ్చటినుండి వచ్చిరి, తెరపై కనబడుటకు పూర్వము ఏ పని చేసి జీవించిరి, ఏ సాధనవలన ఆ స్థితి నందిరి అను ప్రశ్నలు అరుదుగా వినబడును. ఉద్యోగుల కుటుంబములు కూడిన సభలో ఈ ప్రశ్నలే ముఖ్యములు. చదువుకొనుచున్న బిడ్డ ఒకనాడు "సినిమాకు పోయెద"నన్నచో తండ్రికి కోపమును, తల్లికి భయమును కలుగుట సహజము. ఆ కోపమును, ఆ భయమును అకారణములు కావు. కాని ముందు నడచినవారి జీవితములను పరిశీలించినచో ఆ వివాదము తీరుటకు ఒక దారి కనబడును.

1959వ సంవత్సరము ఈ సందర్భమున స్మరింపదగినది. ఆ ఏడు ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో టెలివిజను ప్రసారములు ప్రయోగాత్మకముగా మొదలైనవి. రాయపురమున జన్మించిన హబీబ్ తన్వీర్‌గారు 'నయా థియేటర్' అను నాటక సంస్థను స్థాపించినదియు ఆ ఏడే. ఉక్కు, టెలివిజను, నాటకము అను ఈ మూడింటికిని ఆ విధముగా ఒకే వయస్సు. తరువాతి కాలమున ఈ మూడును ఒకదానినొకటి కలిసికొనిన తీరును ఈ ప్రాంతపు కళాకారుల చరిత్రలు తెలుపుచున్నవి.

తన్వీర్‌గారు ఛత్తీస్‌గఢ్ గ్రామ కళాకారులను చేరదీసి, వారి మాండలికముననే వారిచేత నాటకములాడించిరి. వారి 'చరణ్‌దాస్ చోర్' 1975లో రంగస్థలమెక్కినది. ఆ ఏడే శ్యామ్ బెనెగల్‌గారు దానిని చలనచిత్రముగా తీసిరి. 1982లో ఆ నాటకము ఎడింబరో నాటకోత్సవమున బహుమతి పొందినది. భిలాయికి చెందిన ఓంకార్ దాస్ మాణిక్‌పురి ఈ సంస్థలోనే తర్ఫీదు పొందిన నటుడు. 2010లో వచ్చిన 'పీప్లీ లైవ్' చిత్రమున ఆయన కథానాయకుడు. ఆ చిత్రము ఆస్కారు పోటీకి భారతదేశము తరఫున ఎంపికయ్యెను. పట్టణపు నాగరికతను అరువు తెచ్చుకొనకయే, తన పల్లె పలుకుతోను, తన నడకతోను ఆయన అంత దూరము చేరగలిగెను.

తీజన్ బాయిగారి చరిత్ర ఇంకను విశేషమైనది. భిలాయికి సమీపమున గల గనియారి గ్రామము వారి జన్మస్థలము. పాండవుల కథను గానము చేయు 'పండవాణి' వారి కళ. ఆ రోజులలో స్త్రీలు కూర్చుండి పాడుటయే ఆచారము. నిలుచుండి అభినయించుచు పాడు కాపాలిక పద్ధతి పురుషులదిగా నుండెను. తీజన్ బాయిగారు ఆ కట్టుబాటును దాటిరి. అందుకై తమవారి వెలివేతకు గురియైరి. ఐనను తంబురను విడువలేదు. ఆ తంబురయే వారి చేతిలో ఒకసారి భీముని గద, ఒకసారి అర్జునుని ధనుస్సు. బుర్రకథను చూచి పెరిగిన తెలుగువారికి ఈ విద్య పరాయిదిగా తోచదు. అక్షరాభ్యాసము లేని ఆమెకు భిలాయి ఉక్కు కర్మాగారము ఉద్యోగమిచ్చినది. శ్యామ్ బెనెగల్‌గారి 'భారత్ ఏక్ ఖోజ్' ధారావాహిక 1988లో దూరదర్శన్‌లో ప్రసారమైనప్పుడు, అందులోని మహాభారత ఘట్టమునందు ఆమె గానమును దేశమంతయు వినినది. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వారిని వరించినవి. కర్మాగారపు జీతము ఆమె కళకు అడ్డు రాలేదు, ఆసరాయే అయినది.

భిలాయిలో పెరిగి హిందీ చిత్రరంగమున దర్శకుడైన అనురాగ్ బసు తండ్రియు రంగస్థల కళాకారుడే. అనురాగ్ మొదట టెలివిజను ధారావాహికలకు పని చేసి, పిదప చిత్రములకు వచ్చెను. ఆయన తీసిన 'బర్ఫీ' (2012) చిత్రమును ఆస్కారు పోటీకి ఎంపికయ్యెను.

ఇక తెలుగునాటి చరిత్రలను చూడవలయును. 1931లో పూర్తియైన రాయపురము-విజయనగరము రైలుమార్గము ఈ ప్రాంతమును ఉత్తరాంధ్రతో ముడివేసినది. కన్యాశుల్కమునకు పుట్టినిల్లయిన ఆ విజయనగరపు రంగస్థలమునుండియే జె. వి. సోమయాజులుగారు వచ్చిరి. తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి అనేక పర్యాయములు ఆ నాటకమాడిరి. పగలు రెవెన్యూ శాఖలో కొలువు, రాత్రి రంగస్థలము. డిప్యూటీ కలెక్టరుగా నుండగా, యాబది యేండ్లు దాటిన వయస్సున 'శంకరాభరణం' (1980) చిత్రమున శంకరశాస్త్రి పాత్ర వారికి లభించెను. దశాబ్దముల సాధన ఒక్క పాత్రలో పండినది.

ఆ చిత్ర దర్శకుడు కె. విశ్వనాథ్‌గారును జీతగాడుగానే జీవితమును ఆరంభించిరి. మద్రాసు వాహినీ స్టూడియోలో వారు శబ్దగ్రహణ శాఖ ఉద్యోగి. యంత్రము ముందు కూర్చుండి ఇతరుల మాటలను, పాటలను శ్రద్ధతో వినుటయే వారి తొలి పాఠము. 'ఆత్మగౌరవం' (1965) చిత్రముతో దర్శకులైన వారికి 2016వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించెను.

గొల్లపూడి మారుతీరావుగారు కేంద్ర ప్రభుత్వోద్యోగి. ఆకాశవాణిలో సుమారు రెండు దశాబ్దములు పనిచేసిరి. పొరుగుననే యున్న ఒడిశాలోని సంబల్‌పూరు కేంద్రమునందును కొంతకాలముండిరి. నాటకములు, కథలు, చిత్రములకు సంభాషణలు వ్రాయుచునే యుండి, 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య' చిత్రముతో నటులైరి. కోట శ్రీనివాసరావుగారు స్టేటు బ్యాంకు ఉద్యోగిగా నుండుచు నాటకములాడిరి. 'ప్రాణం ఖరీదు' (1978) వారి తొలి చిత్రము. 'ప్రతిఘటన' (1985), 'అహ నా పెళ్లంట' (1987) చిత్రములతో వారి పేరు ఇంటింటికిని తెలిసినది.

దీనికి ఎదురు ఉదాహరణము లేకపోలేదు. నందమూరి తారక రామారావుగారు 1947లో గుంటూరు జిల్లాలో సబ్-రిజిస్ట్రారుగా చేరి, మూడు వారములకే ఆ పదవిని వదలిరి. ఇది పైకి సాహసముగా తోచును. కాని అప్పటికే వారు విద్యార్థి దశనుండి నాటకములాడి ఆరితేరినవారు. ఐనను, 1949లో 'మనదేశం' చిత్రమున లభించినది చిన్న పాత్రయే. 'పాతాళభైరవి' వచ్చినది 1951లో. నడుమ గడచిన నాలుగేండ్ల నిరీక్షణను ఎవరును మరువరాదు. వారివలె ఉద్యోగము వదలి మద్రాసు చేరి, పేరు రాక తిరిగి వచ్చినవారి కథలను ఏ పత్రికయు వ్రాయదు.

ఈ చరిత్రలన్నిటినుండి తేలు సారాంశమొక్కటే. వీరిలో కొందరు కొలువును నిలుపుకొనిరి, కొందరు వదలిరి. కాని దాదాపు అందరికిని తెరకంటె ముందు ఒక వేదిక కలదు. ఆ వేదికపై తప్పు దిద్దిన పెద్దలును, ఓపికతో చూచిన ప్రేక్షకులును కలరు. కావున "ఉద్యోగమా, సినిమాయా" అని ఇంట వాదులాడుట వ్యర్థము. "సాధన ఎచ్చట?" అని అడుగవలయును.

ఉద్యోగులకు నియమములు అడ్డమను సందేహము కొందరికి కలదు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 15వ నియమము ప్రకారము, ప్రభుత్వ విధులకు భంగము రానంతవరకు, అప్పుడప్పుడు చేయు సాహిత్య, కళా, విజ్ఞాన సంబంధమైన పనికి ముందుగా అనుమతి పొందనక్కరలేదు. వేతనమునకై వేరొక కొలువు చేయుటకు మాత్రము అనుమతి తప్పదు. ప్రభుత్వరంగ సంస్థలలోనివారు తమ సంస్థల నియమములను చూచుకొనవలయును. తెరవెనుక విద్యలు కోరు పిల్లలకు పూణెలో 1960లోను, కలకత్తాలో 1995లోను కేంద్ర ప్రభుత్వము స్థాపించిన శిక్షణాలయములు కలవు. శబ్దగ్రహణము, ఛాయాగ్రహణము, కూర్పు మొదలగునవి అచ్చట క్రమముగా నేర్పబడును. ఇవియు కర్మాగారములోని పనులవలెనే శ్రద్ధయు, హస్తనైపుణ్యమును కోరు విద్యలు.

ఐనను మొదటి పాఠశాల సెక్టారులోని వేదికయే. 1929లో తెనాలిలో వెలసిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఊరూరి ఔత్సాహికులకు దారి చూపినది. దూరమునగల ఉక్కు నగరపు తెలుగు పిల్లలకు ఆ దారి చూపవలసినది ఇచ్చటి తెలుగు సంఘములే. ఇంట తెలుగు పలికి, బడిలో హిందీ చదువు పిల్లలకు తెలుగు లిపి రాకపోవుట నేరము కాదు. వారి సంభాషణలను నాగరి లిపిలో వ్రాసి ఇచ్చియైనను తెలుగు నాటకమాడింపవచ్చును. పలుకు కుదిరిన పిమ్మట లిపి నేర్చుకొను కోరిక తానే పుట్టును. ఏడాదికొక్క నాటిక, దానికి రెండు నెలల అభ్యాసము, ఉచ్చారణ దిద్దుటకు పదవీ విరమణ చేసిన పెద్దలొకరిద్దరు ఉన్నచో అంతియే చాలును.

ఆ పిల్లలలో ఎందరు వెండితెరకు ఎక్కుదురో ఎవరును చెప్పజాలరు. ఎక్కనివారు సైతము నలుగురి ముందు నిలిచి, తాతలు మాటలాడిన భాషలో స్పష్టముగా పలుకగలుగుదురు. గనియారి గ్రామపు ఆడబిడ్డ తన ఇంటి భాషను విడువకయే లోకమునకు వినబడినది. భిలాయిలోని తెలుగు బిడ్డకును ఆ భాగ్యము కలుగవలెనన్నచో, పెద్దలు ముందుగా వేదికపై దీపము వెలిగింపవలయును.