తీరిక వేళ పని

(స్త్రీల స్వయం ఉపాధి గురించి మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులకి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఇచ్చిన అంశం "అభిరుచిని ఆదాయంగా మార్చుకోవడం ఎలా?" అని. నేను లేసు అల్లుతాను. అల్లినవాటిని ఫోటోలు తీసి ఇంటర్నెట్టులో పెట్టి అమ్ముతాను. అందుకని ఈ అంశం నాకు అప్పగించారు. అమ్మకం సంగతి తప్పకుండా చెబుతాను. అంతకన్నా ముందు ఈ "అభిరుచి", "హాబీ", "తీరిక వేళ పని" అనే మాటల్ని కాస్త పరిశీలిద్దాం. మా నరసాపురం ప్రాంతంలో లేసు వ్యాపారం దశాబ్దాల తరబడి ఈ మాటల ఆసరాతోనే లాభాలు చేసుకుంది.

ముందు నా పరిస్థితి చెప్పాలి. నేను రాజమండ్రిలో గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాను. నెలనెలా జీతం వస్తుంది. మా అమ్మ పుట్టిల్లు నరసాపురం దగ్గర ఒక పల్లె. సూది పట్టడం మా పిన్ని దగ్గర నేర్చుకున్నాను. పిన్ని ఏజెంటు ఇచ్చిన దారంతో లేసు అల్లి, ముక్కకి ఇంత అని కూలి తీసుకుంటుంది. నేను 2020 లాక్‌డౌన్ రోజుల నుంచి సొంతంగా అమ్ముతున్నాను. మా ఇద్దరి సూదీ ఒకటే, దారమూ ఒకటే. నా పని చూసినవాళ్లు "ఎంత కళండీ మీ చేతుల్లో!" అంటారు. పిన్ని పని చూసినవాళ్లు "ఊరికే కూర్చోకుండా ఏదో చేసుకుంటోంది" అంటారు. ఒకే పనికి ఈ రెండు మాటలు ఎందుకొచ్చాయో ఆలోచించమని మిమ్మల్ని అడుగుతున్నాను.

అసలు ఈ పనిలో నాకు దొరికేదేమిటి? డబ్బు సంగతి తర్వాత. రాత్రి వంటిల్లు సర్దాక నాకు ఒక గంట, గంటన్నర మిగులుతుంది. ఆ సమయంలో చుక్కల ముగ్గుల్ని లేసులోకి దించడం నాకు చాలా ఇష్టం. గళ్ల లేసులో ఒక గడి ఖాళీగా ఉంటుంది, ఒక గడి నిండుగా ఉంటుంది. బొమ్మ అంతా ఆ ఖాళీల, నిండుల లెక్కే. నిలువు గీతలూ అడ్డ గీతలూ ఉన్న ముగ్గు తేలిగ్గా దిగుతుంది. మెలికల ముగ్గు అలా లొంగదు. గీత వంపు తిరిగిన చోటల్లా మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. మూడు వారాల పాటు గళ్ల కాగితం మీద గీసి, అల్లి, విప్పి, మళ్లీ అల్లితే చివరికి దారి దొరికింది. వంపు ఉన్నచోట గళ్లు వదిలేసి గొలుసు కుట్టుతో తిప్పాలి. అది దొరికిన రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పని నన్ను ఎవరూ చెయ్యమనలేదు. అది ఎవరి ఆకలీ తీర్చేది కాదు. పగలంతా ఆఫీసులో ఒకరు చెప్పినట్టూ, ఇంట్లో ఇంకొకరికి కావలసినట్టూ పనిచేసిన మనిషికి, తాను అనుకున్నది తాను చేసి చూసుకోవడం చిన్న విషయం కాదు.

కుట్లూ అల్లికలూ అనగానే మన సంఘాల్లో కొందరికి చిరాకు. ఆడపిల్లని ఇంటి మూలన కూర్చోబెట్టడానికి నేర్పిన విద్యలే కదా ఇవి అంటారు. చరిత్రలో అది నిజమే. కానీ నిప్పు రాజేసింది ఎవరైనా, దాని మీద వండుకున్న అన్నం మనది. సృజన స్త్రీల హక్కే. దానికి కావలసిన తీరిక కూడా హక్కే. అభిరుచిని నేను తక్కువ చెయ్యడం లేదు. ఆ పేరు పెట్టి శ్రమని లెక్కలోంచి తీసెయ్యడాన్ని మాత్రమే తప్పుపడుతున్నాను.

ఈ తీసివేత ఎలా జరిగిందో తెలియాలంటే నరసాపురం చూడాలి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా డెల్టా పల్లెల్లోకి లేసు వచ్చింది. క్రమంగా విదేశీ ఎగుమతి సరుకైంది. 1970ల చివర జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి లేసు అల్లే స్త్రీల మధ్య అధ్యయనం చేశారు. "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" పేరుతో ఆ పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూ స్త్రీలు రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని ఆవిడ చూపించారు. పని ముక్కలుగా విడిపోయి ఉండేది. ఒకరు పూలు అల్లితే, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. పూర్తయిన సరుకు ఏ దేశం పోతుందో, ఎంతకి అమ్ముడవుతుందో అల్లినవాళ్లకి తెలియదు. దారం పంచే ఏజెంట్లు, ఎగుమతి చేసే వ్యాపారులు దాదాపు అందరూ మగవాళ్లు. "వీళ్లు గృహిణులు, తీరిక వేళలో కాలక్షేపానికి అల్లుకుంటున్నారు" అనేది వ్యాపారుల మాట. ఆ ఒక్క మాటతో వాళ్లు కార్మికులు కాకుండా పోయారు. కార్మికులు కాకపోతే కనీస వేతనం ఉండదు, పనిగంటలు ఉండవు, సంఘం ఉండదు. కూలి వ్యవసాయ కూలి కన్నా కిందికి దిగినా అడిగేవాళ్లు ఉండరు. మీస్ 2023లో చనిపోయారు. ఆవిడ లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఇంకా మన ముందే ఉంది.

ఇప్పుడు ఇంటర్నెట్టు వచ్చింది, ఇక దళారీ పోయాడు అని చాలామంది సంబరపడుతున్నారు. కొంత మేలు నిజంగానే జరిగింది. నా ధర నేనే చెబుతున్నాను. అమెరికాలో ఉండే ఒక తెలుగావిడ సంక్రాంతి బొమ్మల కొలువు మెట్ల మీద పరచడానికి ముగ్గు లేసు కావాలని నాతో నేరుగా మాట్లాడి చేయించుకున్నారు. మా పిన్నికి యాభై ఏళ్లలో ఇలాంటి సంభాషణ ఒక్కటీ జరగలేదు. తన లేసు వాడుకునే మనిషి గొంతు ఆవిడ ఎప్పుడూ వినలేదు.

కానీ దళారీ రూపం మారింది. చేతిపని అమ్మకాలకి పేరున్న ఎట్సీ సంగతే చూడండి. 2005లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, సొంత చేతులతో చేసుకునేవాళ్ల అంగడిగా అది మొదలైంది. 2013లో బయటి తయారీదారులతో చేయించిన సరుకుని కూడా అనుమతించింది. 2015లో షేర్ మార్కెట్లోకి వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో ప్రతి అమ్మకం మీదా తీసుకునే రుసుముని 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. అప్పుడు వేలమంది అమ్మకందారులు ఒక వారం రోజులు తమ దుకాణాలు మూసి సమ్మె చేశారు. ఆ ఏడాదే "ఇండీ సెల్లర్స్ గిల్డ్" అని సంఘం కట్టుకున్నారు. రుసుము తగ్గలేదు. అయినా ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పనిచేసేవాళ్లు సమ్మె చెయ్యగలరని తేలింది. ఇంటిపట్టున పనిచేసే స్త్రీలని సంఘటితం చెయ్యలేం అని చేతులెత్తేసే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో అడ్డంకి ఇంట్లోనే ఉంది. ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో తాను సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 54 శాతమే. ఫోను కొడుకుది, డబ్బు పడే ఖాతా భర్తది అయితే, ఆన్‌లైన్ అమ్మకం వల్ల ఏజెంటు స్థానంలోకి ఇంటి మగవాడు వస్తాడు. శిక్షణ ఇచ్చే సంస్థలు ఫోటోలు తియ్యడం నేర్పే ముందు ఆమె పేరున ఖాతా, ఆమె చేతిలో ఫోను ఉన్నాయో లేదో చూడాలి.

ఇక ధర. దీని గురించి నాలాంటి జీతం ఉన్నవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడాలి. "నాకు డబ్బు ముఖ్యం కాదండీ, దారం ఖర్చు వస్తే చాలు" అనే మాట మనలో చాలామంది ఔదార్యంగా అంటారు. అది ఎవరి నోటి ముందు కూడు తీస్తుందో చూడండి. టేబుల్ మీద పరిచే 14 అంగుళాల గుండ్రటి లేసు నాకు అల్లడానికి 12 గంటలు పడుతుంది. ఉతికి, గంజి పెట్టి, ఫోటో తీసి, అడిగినవాళ్లకి జవాబులు చెప్పి, ప్యాక్ చేసి పోస్టాఫీసుకి వెళ్లి రావడానికి ఇంకో 2 గంటలు. మొత్తం 14 గంటలు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఎనిమిది గంటలకి పంచితే గంటకి 37 రూపాయల 50 పైసలు. ఆ లెక్కన 14 గంటలకి 525. దారం 80, ప్యాకింగు 20. మొత్తం 625 రూపాయలు. పోస్టు ఖర్చూ, వేదిక రుసుమూ ఇందులో లేవు. నా నైపుణ్యానికి ఒక్క పైసా వేసుకోలేదు. మట్టి పనికి ప్రభుత్వం కట్టిన కూలే నాకూ కట్టుకున్నాను. అదే లేసుని నేను సరదాకి 150కి ఇచ్చేస్తే, కొనేవాళ్ల దృష్టిలో లేసు విలువ 150 అయిపోతుంది. ఆ ధర చూపించే ఏజెంటు పిన్ని కూలి తగ్గిస్తాడు. నాకు జీతం ఉంది కాబట్టే నేను ధర దించకూడదు. దానం చెయ్యాలనిపిస్తే ఊరికే ఇస్తాను, తక్కువకి మాత్రం అమ్మను.

"బజార్లో ఇదే వందకి దొరుకుతోంది, అది మిషన్‌ది కదా" అని కొనేవాళ్లు బేరమాడతారు. మీరు వాళ్లకి ఒక విషయం చెప్పాలి. ఊలు అల్లికలకి యంత్రాలున్నాయి. క్రోషేని పోలిన లేసు తీసే యంత్రాలూ ఉన్నాయి. అసలైన క్రోషే అల్లికని మాత్రం ఈనాటికీ చేత్తోనే అల్లుతున్నారు. కాబట్టి వందకి దొరికింది నిజంగా క్రోషే అయితే, ఎక్కడో ఒక స్త్రీ గంటలు దాని ధరలోంచి మాయమయ్యాయి.

చట్టాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇళ్లలో చేసే పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒప్పందం తెచ్చింది. ఇంటిపట్టున పనిచేసేవాళ్లని మిగతా కార్మికులతో సమానంగా చూడాలన్నది దాని సారం. సేవ వంటి సంఘాల పోరాటం దాని వెనుక ఉంది. భారతదేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. యజమాని కోసం తన ఇంట్లో వస్తువులు తయారుచేసి ప్రతిఫలం పొందేవారిని అది గృహాధారిత కార్మికులుగా నిర్వచించింది. నిర్వచనం బాగానే ఉంది. కానీ యజమాని ఎవరని అడిగితే, ఏ కాగితమూ ఇవ్వని ఏజెంటు "నేను దారం ఇచ్చానంతే" అంటాడు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ పని ఉంది, చేపల వలలు అల్లే పని ఉంది. లేసు లేదు.

2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అయితే ఆ ముద్ర వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అల్లే స్త్రీలు నమోదు కాకపోతే ఆ పేరు మీద వచ్చే ఎక్కువ ధర వ్యాపారుల దగ్గరే ఆగిపోతుంది. పల్లెల్లో పనిచేసే సంఘాలు ఈ దరఖాస్తులు పెట్టించాలి. అలాగే ఈ-శ్రమ్ నమోదు, చేతివృత్తులవారికి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు. ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవాళ్లకి ఒక మాట: జీఎస్టీ పరిమితికి లోబడిన చిన్న అమ్మకందారులకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2023 అక్టోబరు 1న వచ్చిన సడలింపు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. పాన్ నంబరు మాత్రం చూపించాలి. ఇది తెలియక భయపడి మానుకున్నవాళ్లు ఉన్నారు. తెలుసుకుని మొదలుపెట్టించండి.

చివరగా ఒక పని చెప్పి ముగిస్తాను. ఖర్చు లేని పని. మీ సంఘంలో లేసు అల్లే, బుట్టలు అల్లే, బొమ్మలు కుట్టే ప్రతి స్త్రీకీ ఒక నోటు పుస్తకం ఇప్పించండి. తారీకు, ఎన్ని గంటలు, ఎంత దారం, ఎవరు ఇచ్చారు, ఎంత చేతికొచ్చింది అని రోజూ రాయమనండి. రాయడం రానివారికి ఇంట్లో ఆడపిల్ల రాసిపెడుతుంది. ఆ పిల్లకి కూడా అమ్మ పని విలువ తెలుస్తుంది. నాలాగా సరదాకి అల్లేవాళ్లు కూడా రాయాలి. రేపు కార్మిక శాఖ ముందు "యజమాని ఎవరు, పనెంత?" అనే ప్రశ్న వచ్చినప్పుడు మన చేతిలో ఉండే సాక్ష్యం ఆ పుస్తకమే. మా పిన్ని పోయిన నెల నుంచి రాస్తోంది. మొదటి వారం గంటలు కూడి చూసుకుని, "ఇన్ని గంటలా!" అని ఆశ్చర్యపోయింది. ఆ వారం 41 గంటలు. వచ్చే విడత దారం తీసుకునేటప్పుడు ఆ పుస్తకం ఏజెంటు ముందు పెట్టి కూలి మాట్లాడతానంటోంది. ఆ పక్కింటి ఇద్దరు కూడా పుస్తకాలు కొనుక్కున్నారు. ముగ్గురూ కలిసి వెళ్లమని చెప్పాను.