క్లీవ్‌లాండ్‌కు చేరిన చిలుక కథలు

అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఉక్కు పరిశ్రమకు పేరుపడ్డ ఊరు. అక్కడి కళా మ్యూజియంకు 1958 నుంచి 1983 దాకా, పాతికేళ్లపాటు, డైరెక్టరుగా ఉన్నవారు షెర్మన్ లీ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆయన జపాన్‌లో కళాసంపద పరిరక్షణ విభాగంలో పనిచేశారు. ఆలయాల్లోని శిల్పాలు, చిత్రాలు దగ్గరగా చూసే భాగ్యం అక్కడే దక్కింది. ఆసియా కళ మీద ఆ చూపు జీవితాంతం నిలిచింది. లీ డైరెక్టరయ్యే ముందే లెనర్డ్ హానా అనే దాత 3 కోట్ల డాలర్లకు పైగా మ్యూజియంకు రాసిచ్చారు. డబ్బుంటే చాలదు, ఏది కొనాలో తెలియాలి. లీకి అది తెలుసు.

1962లో అక్కడికి చేరిన 'తూతీనామా' చూడండి. అక్బరు కొలువులో తయారైన బొమ్మల పుస్తకమది. భర్త ఊళ్లో లేని వేళ ప్రియుడి కోసం బయల్దేరబోయే ఇల్లాలిని, పంజరంలోని చిలుక రాత్రికో కథ చెప్పి గడప దాటనివ్వదు. మన 'శుకసప్తతి' చదివినవారికి ఈ చిలుక పాత చుట్టమే! మొగలు చిత్రకళ తొలి అడుగులు ఆ పుటల్లోనే కనిపిస్తాయి. నా దృష్టిలో లీ కాలంలో వచ్చినవాటిలో ఇదే మిన్న.

ఆయన ఐరోపా కళనూ వదల్లేదు. వెలాస్కెజ్, కరవాజ్జియో చిత్రాలు ఆయన హయాంలోనే వచ్చాయి. 1974లో గ్రూనెవాల్డ్‌దని కొన్న చిత్రం నకిలీదని తర్వాత పరీక్షల్లో తేలింది. ఆ సంగతిని మ్యూజియం దాచలేదు. పదవీ విరమణ తర్వాత లీ నార్త్ కరోలినాలో విద్యార్థులకు పాఠాలు చెప్పారు.