మంచు క్రింద దాగిన దొమ్మ
(రైతు శిక్షణ సదస్సులో చేసిన ఉపన్యాస పాఠము)



నేను పంటలను, నేలలను గురించి పాఠములు చెప్పువాడనే గాని పశువైద్యుడను కాను. అయినా ఈ దినము ఒక పశువ్యాధిని గురించి మాట్లాడదలచినాను. ఎందుకంటే అది నేలలో కాపురముండే వ్యాధి. మీరు దానిని దొమ్మ అంటారు. డాక్టర్లు ఆంత్రాక్స్ అంటారు.

ముందుగా మిమ్ములను చాలా దూరము తీసుకొనిపోతాను. రష్యా దేశపు ఉత్తరపు అంచున, సైబీరియాలో, యమాల్ అనే ద్వీపకల్పము వున్నది. అక్కడ నెనెట్స్ జాతివారు రెయిన్‌డీర్ అనే జింకల మందలను మేపుకొని బ్రతుకుతారు. మన గొల్లలకు గొర్రెలు ఎట్లో, వారికి ఆ జింకలు అట్లు. అక్కడి నేల లోపల ఎల్లకాలము గడ్డకట్టి వుంటుంది. వేసవిలో పైపొర మాత్రము కరిగి, మేత మొలుస్తుంది.

2016 వేసవిలో అక్కడ ఎండలు విపరీతముగా కాసినవి. వేడి 35 డిగ్రీల సెంటిగ్రేడు దాకా పోయినది. నేల మామూలుకంటె లోతుగా కరిగినది. జూలైలో జింకలు కూలసాగినవి. 2,300కు పైగా చచ్చినవి. వ్యాధి మనుషులకూ సోకి, 12 యేండ్ల బాలుడొకడు మరణించినాడు. కళేబరములను కాల్చుటకు సైన్యమును పంపవలసివచ్చినది.

ఆ ప్రాంతములో అంతకుముందు ఈ వ్యాధి చెలరేగినది 1941లో. వ్యాధి లేదుగదా అని 2007లో జింకలకు టీకాలు వేయుట మానివేసినారు. కాని వ్యాధి ఎక్కడికీ పోలేదు. పాత కళేబరములనుండి మట్టిలో చేరిన బీజములు అక్కడనే వున్నవి. నేల కరుగుటతో అవి పైకి వచ్చినవని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఉత్తర ధ్రువ ప్రాంతము తక్కిన భూమికంటె వేగముగా వేడెక్కుతున్నది గనుక ఈ భయము అక్కడివారికి ఇకముందు కూడా తప్పదు.

దొమ్మ సూక్ష్మజీవి పశువు రక్తములో పెరుగుతుంది. చచ్చిన పశువును కోయకుండా వుంచితే, లోపల కుళ్లు పుట్టి ఆ జీవులు చాలావరకు నశిస్తవి. కోసినామా, రక్తమునకు గాలి తగిలి, అవి గట్టి పెంకుగల బీజములుగా మారుతవి. మన వడ్లగింజ కొద్ది యేండ్లకే మొలకశక్తి పోగొట్టుకొంటుంది. ఈ బీజము నేలలో దశాబ్దములు నిలుస్తుంది.

మన నేలలో మంచు లేదు. ఇక్కడ దానిని లేపేది కరువు, దాని వెనుక వచ్చే వాన. కరువులో గొర్రెలు గడ్డిని మొదలంటా కొరుకుతవి. మట్టి నోట పడుతుంది. పెద్దవాన కురిస్తే బీజములు కొట్టుకొనివచ్చి పల్లములో చేరుతవి.

"మా వూళ్లో దొమ్మ వచ్చి 20 యేండ్లయినది, టీకా ఎందుకండీ?" అని కొందరు అడుగుతారు. యమాల్‌లో 75 యేండ్లకు వచ్చినది. అదే నా జవాబు.

కావున ఈ జాగ్రత్తలు పాటించండి:

1. దొమ్మ ఎన్నడైనా వచ్చిన వూళ్లలో, పశువైద్యుని సలహాతో, యేటేటా వానలకు ముందే టీకా వేయించండి.

2. పశువు వున్నట్టుండి చచ్చి, ముక్కునుండి, మలద్వారమునుండి గడ్డకట్టని నల్లని రక్తము కారితే దానిని కోయరాదు, తోలు ఒలువరాదు, మాంసము పంచుకొనరాదు. వెంటనే పశువైద్యునికి కబురు చేయండి.

3. ఆయన చెప్పినట్లు కాల్చండి, లేదా లోతుగా పాతిపెట్టండి. ఆ చోట కంచె వేయండి. అక్కడ మందను మేపకండి.

4. అట్టి పశువును తాకినవారి చర్మముపై నొప్పిలేని పొక్కు లేచి నల్లబడితే ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. తొందరగా గుర్తిస్తే నయమగును.

గొర్రె చచ్చినప్పుడు తోలైనా అమ్ముకొందామని, కూరైనా వండుకొందామని అనిపించుట సహజము. మందలో నాలుగు జీవాలు పోతే ఆ యింటికి ఎంత కష్టమో నేనెరుగుదును. కాని ఆనాడు పెట్టిన కత్తిగాటు మన మనుమల మందకు నాటిన విషపు విత్తనమవుతుంది. విత్తనము సంగతి రైతుకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.