మనలను చూచి మనము నవ్వుకొనుట

(ఎల్‌.బి.నగర్ ప్రాంత సంఘముల కుటుంబ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటము ఏర్పాటు చేసిన పెద్దలు మాకిచ్చిన సమయము ఇరువది నిమిషములు. ఆ మాట చెప్పునప్పుడు వారి ముఖములలో ఒక చిన్న నవ్వు కనబడినది. మేము ఇరువది నిమిషములలో ముగించిన ప్రసంగము ఈ సంఘములో ఎవరికిని జ్ఞాపకము లేదు. పది సంవత్సరముల క్రిందట ఆ నవ్వు చూచియుంటే మాకు కోపము వచ్చియుండును. ఇప్పుడెందుకు రాలేదో చెప్పుటకే నిలువబడినాము.

శతాబ్ది సంచిక కొరకు మన యువకులు పాత ఫోటోలు ప్రోగుచేయుచున్నారు. వాటిలో ఒక్కరును నవ్వుట లేదని ఒక అమ్మాయి మాతో అన్నది. నిజమే. కాపరులు, ఉపదేశకులు, బైబిలు స్త్రీలు అందరును తీర్పు దినమున నిలిచినట్లే కెమెరా ఎదుట నిలిచియున్నారు. వారు ఇండ్లలో నవ్వలేదని కాదు. అటువంటి ఫోటోలోనున్న మా తాతగారు తన బట్టతలను గురించి తానే కథలు కల్పించి మమ్మును నవ్వించెడివారు. అయితే మనము తాతగారి కథలను మరచి, ఫోటోలోని ముఖమును మాత్రము ఉంచుకొన్నాము. అదే భక్తి యనుకొన్నాము.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయములో మనకంటె ధైర్యము గలది. త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించుచుండగా, కిటికీలో కూర్చున్న ఐతుకు అను యౌవనుడు నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిపోయెను. పౌలు అతనిని ఎత్తుకొన్న సంగతి మేము ఎన్నో మారులు బోధించినాము గాని, అతడు ఎందుకు నిద్రపోయెనో ఆ కారణము దగ్గర త్వరగా దాటిపోయెడివారము. లూకా దాటలేదు, తేటగా వ్రాసిపెట్టినాడు. ఇక పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో తాను పడిన దెబ్బలు, ఓడ పగులుటలు అన్నియు లెక్కించి, ఆ అధ్యాయము చివర దమస్కులో గోడ కిటికీలోనుండి తన్ను గంపలో పెట్టి దించిన సంగతి చెప్పుకొన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వీధులలో పై అంతస్తు అమ్మలు కూరగాయల బండి వచ్చినప్పుడు త్రాటితో బుట్ట దించుట మీరు చూచియుందురు. అంతటి అపొస్తలుడు ఆ విధముగా దిగినాడు. ఆ సంగతి తనంతట తానే బయటపెట్టినాడు!

మన తెలుగులో ఈ విద్య తెలిసినవారు లేకపోలేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టర్ పార్వతీశము మొదటి భాగము 1924లో వెలువడినది. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు చదువుటకు సీమకు బయలుదేరి, దొరటోపీ యనుకొని ఆడవారి టోపీ కొనుక్కొనును. నూరేండ్లుగా తెలుగువారు ఆ టోపీకి నవ్వుచున్నారు. ఆ కథ చెప్పునది ఎవరు? పార్వతీశమే. ఇంకొకరు చెప్పినయెడల అది పల్లెటూరివాని మీద పరిహాసమగును. తానే చెప్పినందున అతడు మన ఇంటివాడైనాడు. మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము కథలును అట్టివే. ఆయన బడిపంతులు, కథ చెప్పువాడును బడిపంతులే, భార్య యెదుట ప్రతిసారి ఓడిపోవును. పంతుళ్లకు, కాపరులకు ఈ గుణము మిక్కిలి అవసరమని మా అభిప్రాయము. మేము మాటలాడునప్పుడు ఎదుట కూర్చున్నవారు తిరిగి మాటలాడరు గదా.

అయితే ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. బలవంతపు నవ్వును మేము మెచ్చుట లేదు. మన పెద్దలలో అనేకులు పల్లెలలో దొరల యెదుట చెప్పులు చేతబట్టి నిలిచి, తమను గూర్చిన ఎగతాళికి తామును నవ్వవలసి వచ్చినది. అది వినయము కాదు, భయము. తెలంగాణ భాషను సినిమాలు ఎన్నో ఏండ్లు హాస్యగానికో, దుష్టునికో ఇచ్చినవి. ఆ హాలులో కూర్చున్న నల్లగొండవాడు నవ్వినను, లోపల నవ్వలేదు. తనను చూచి తాను నవ్వుకొనుట స్వతంత్రుడు చేయు పని. మొదట నవ్వవలసినవాడు పైన నిలిచినవాడు.

మేము ఒకసారి పైన నిలిచి ఏమి చేసినామో చెప్పెదము.

మెట్రో రైలు ఎల్‌.బి.నగరునకు వచ్చిన 2018వ సంవత్సరము, క్రిస్మస్ కార్యక్రమములో యువజనులు ఒక చిన్న నాటిక వేసినారు. డిగ్రీ చదువుచున్న ఒక పిల్లవాడు కాపరి వేషముతో వచ్చి, కళ్లద్దాలు తీసి, కండువాతో తుడిచి, ‘చివరిగా ఒక్క మాట’ అన్నాడు. జనులు గొల్లుమన్నారు. మరికొంత మాటలాడి మరల అద్దాలు తీసి, ‘చివరిగా ఒక్క మాట’ అన్నాడు. మూడవసారికి మేము లేచి వేదిక ఎక్కి, మైకు తీసికొని, దేవుని సేవకుని అపహసించుట ఎట్టిదో అందరి యెదుట ఉపదేశము చేసినాము. పిల్లవాడు ఆ కండువాతోనే బయటికి వెళ్లిపోయినాడు. అతని తండ్రి అప్పటికి కొత్తపేటలోనే యున్న పండ్ల మార్కెట్టులో హమాలీ. ఆయన ఆ రాత్రి మాయొద్దకు వచ్చి, చేతులు కట్టుకొని, కుమారుని పక్షముగా క్షమించుమని అడిగినాడు. మేము క్షమించినాము! ఆ మాట తలంచినప్పుడెల్ల ఇప్పటికిని సిగ్గగును. మరుసటి ఆదివారమునుండి ఆ కుటుంబము గుడికి రాలేదు.

మా కన్నులు తెరచినది వేదపండితులు కారు. స్త్రీల సమాజములోని ఒక ముసలమ్మ, ఈస్టరు దాటిన తరువాత, కాళ్లనొప్పులకు ప్రార్థన చేయించుకొని యిట్లనెను: “అయ్యగారూ, ఆ పిలగాడు మీ మాటలన్నీ మంచిగ ఇన్నడు గాబట్టే గట్ల చేసిండు. మేమంత సగంల నిద్రవోతుంటిమి.”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మన ఓరుగల్లువారు నేరెళ్ల వేణుమాధవ్‌గారు, 2001లో పద్మశ్రీ పొంది 2018లోనే పరమపదించిన ధ్వన్యనుకరణ విద్వాంసులు, నాయకుల స్వరములు, నటుల స్వరములు పలికెడివారు. ఒక స్వరమును పలుకుటకు ముందు దానిని ఎంత శ్రద్ధగా వినవలెను! మా ప్రసంగములను అంత శ్రద్ధగా వినినవాడు సంఘమంతటిలో ఒక్కడుండగా, వానిని మేమే బయటికి పంపితిమి.

రెండు దినములకు సరూర్‌నగర్ చెరువు దాపున వారి ఇంటికి వెళ్లినాము. తల్లి కుర్చీ వేసి చీరకొంగుతో తుడిచినది. తప్పు మాదేనని తండ్రి యెదుట, పిల్లవాని యెదుట చెప్పినాము. తండ్రి కంగారుపడి “అట్లనకుండ్రి అయ్యగారూ” అన్నాడు. పిల్లవాడు గోడవైపు చూచుచు ఏమియు అనలేదు. ఇక మాకు మాటలు దొరకలేదు. అప్పుడు ఏల తోచెనో గాని, లేచి నిలిచి, కళ్లద్దాలు తీసి కండువాతో తుడిచి, ‘చివరిగా ఒక్క మాట’ అన్నాము. తల్లి నోటికి కొంగు అడ్డము పెట్టుకొన్నది. చెల్లెలు కిసుక్కున నవ్వి వంటింటిలోనికి పరుగెత్తినది.

పిల్లవాడు అప్పుడు మావైపు తిరిగి చూచినాడు. “అట్ల కాదు అయ్యగారూ,” అన్నాడు. “మీరు అద్దాలు ఎడమచేత్తో తీస్తరు.”

ఎడమచేతితో తీసి, మొదటినుండి మరల చేసి చూపించినాము.