విద్యుత్తు పొదుపు – ప్రభుత్వాల సన్నద్ధత



1902వ సంవత్సరంలో కావేరీ నదిపై శివనసముద్రం వద్ద ఉత్పత్తి అయిన విద్యుత్తు సుమారు 148 కిలోమీటర్లు పయనించి కోలారు బంగారు గనులకు చేరింది. పొట్ట చేతపట్టుకొని ఆ గనులకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. 1905లో బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగాయి. విద్యుదుత్పత్తిలో ఇంతటి ఘనచరిత్ర గల కర్ణాటక, ఆ విద్యుత్తును పొదుపుగా వాడుకొనుటకు ఎంతవరకు సిద్ధపడినది అన్నది నేడు ఆలోచింపదగిన విషయం.

పొదుపు అనగా దీపమార్పి చీకటిలో కూర్చొనడం కాదు. అదే వెలుగును, అదే చల్లదనాన్ని తక్కువ విద్యుత్తుతో పొందడం. ఆర్థికాభివృద్ధి వేగంగా సాగుతున్న రాష్ట్రానికి ఇది మరింత అవసరం. నేడు లేచిన భవనం అనేక దశాబ్దాలు నిలుస్తుంది. గాలీ వెలుతురూ రాని కట్టడాన్ని నేడు అనుమతించిన తప్పునకు రేపటి తరం నెలనెలా బిల్లు చెల్లించవలసి వస్తుంది.

2001లో పార్లమెంటు ఆమోదించిన ఇంధన పొదుపు చట్టం 2002 మార్చి 1న అమలులోకి వచ్చింది. చట్టం కేంద్రానిదైనా భారం రాష్ట్రాలదే. అమలుకు ఒక సంస్థను నియమించడం, ప్రత్యేక నిధిని ఏర్పరచడం, భవన నియమావళిని స్థానిక వాతావరణానికి అనుగుణంగా సవరించడం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యతలు. కర్ణాటకలో ఈ పనిని, 1996లో పునరుత్పాదక ఇంధన అభివృద్ధికై ఏర్పడిన సంస్థకే అప్పగించారు. తమిళనాడులో విద్యుత్ తనిఖీ శాఖకు అప్పగించారు. ఉన్న పనికి తోడు వచ్చిన అదనపు బాధ్యత వెనుకబడకుండా ఉండాలంటే తగిన సిబ్బంది, నిధులు అత్యవసరం.

రాష్ట్రాల ఇంధన సామర్థ్య సూచీలో 2020లో కర్ణాటక ప్రథమస్థానం పొందింది. 2021–22 సూచీలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, కేరళ, రాజస్థాన్, తెలంగాణ అగ్రశ్రేణిలో నిలిచాయి. ఇది హర్షదాయకమే. అయితే విద్యార్థికి మార్కులెట్టివో రాష్ట్రానికి సూచీ అట్టిది. అసలు పరీక్ష పురపాలక కార్యాలయంలో భవన నమూనాపై ముద్ర వేసే బల్ల వద్ద జరుగుతుంది. నియమావళి తెలిసిన ఇంజనీరు అక్కడ లేనినాడు ఉత్తర్వు కాగితానికే పరిమితమవుతుంది.

ప్రభుత్వం తలచుకొంటే ఫలితం ఎట్లుంటుందో ఎల్.ఇ.డి. బల్బు నిరూపించింది. పెద్దమొత్తంలో కొనుగోలు చేయడం వలన 2014లో సుమారు 310 రూపాయలున్న ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఇక తరువాతి వంతు పంకాలది. సాధారణ పంకా సుమారు 75 వాట్లు, కొత్తరకం పంకా సుమారు 30 వాట్లు వాడుతుంది. నాలుగు పంకాలున్న తరగతి గదిలో దినమునకు ఆరు గంటల చొప్పున రెండు వందల దినాలకు 216 యూనిట్లు మిగులుతాయి. కాని కొనుగోలు ఒక పద్దు, బిల్లు మరొక పద్దు. తక్కువ ధర చెప్పినవారికే కొనుగోలు దక్కే పద్ధతి ఉన్నచోట ఈ లెక్క ఎవరి కంటా పడదు. ఆ రెండు పద్దులనూ కలిపి చూడగలగడమే పాలనా సన్నద్ధత.

ఏడున్నర దశాబ్దాలుగా ఈ పాఠశాల ఎందరినో ఇంజనీర్లుగా, అధికారులుగా, ప్రజాప్రతినిధులుగా తీర్చిదిద్దింది. రేపు ఆ బల్ల వద్ద కూర్చొనేవారు నేడు ఈ తరగతులలోనే ఉన్నారు. పై లెక్కను వారిచేత చేయించడం ఉపాధ్యాయుల విధి, ఇంటి బిల్లును వారి చేతికిచ్చి చదివించడం తల్లిదండ్రుల విధి.