మన కువైట్ సొమ్ము – వై.వి. రెడ్డిగారి లెక్క

(కురబలకోటలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్ వై.వి. రెడ్డిగారు 2003 నుంచి 2008 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న సంగతి అందరూ ఎరిగినదే. నేను చెప్పదలచుకున్నది అంతకు ముందటి మాట. వారు 1941లో రాజంపేట దగ్గర పాటూరులో జన్మించారు. ఆర్థిక శాస్త్రం చదివి, 1964లో ఐ.ఎ.ఎస్.లో చేరారు. రాజంపేటా మన వైపులాగే కువైట్‌కు మనుషులను పంపే సీమ.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కు తెచ్చారు. పెట్రోలు ధర పెరిగింది, గల్ఫ్ సొమ్ము ఆగింది. 1991లో దేశం దగ్గర కొద్ది వారాల దిగుమతులకు సరిపడే డాలర్లే మిగిలాయి. అప్పుడు కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపులు చూసే సంయుక్త కార్యదర్శి రెడ్డిగారే. ఆ జూలైలో 47 టన్నుల బంగారం తాకట్టుకు పోయింది. దాన్ని విమానాశ్రయానికి చేర్చే వ్యాను దారిలో చెడిపోయి నిలిచిపోయిందట! పెళ్ళాం నగలు కుదువ పెట్టడానికి బయలుదేరితే బండి ఇరుసు విరిగినట్లు.

తరువాత రంగరాజన్ కమిటీకి వారు సభ్య కార్యదర్శి. ఆ రోజుల్లో బ్యాంకు కంటే హవాలా వాడే రూపాయికి మంచి ధర ఇచ్చేవాడు. మరి డ్రాఫ్టు ఎవరు తీస్తారు? 1993లో మారకం రేటును మార్కెట్టుకు వదిలారు. అంతకు ముందే, 1992లో, తిరిగి వచ్చేవారు సుంకం కట్టి బంగారం తెచ్చుకోనిచ్చారు. 1990-91లో 200 కోట్ల డాలర్లున్న ప్రవాసుల సొమ్ము 1996-97కు 1,200 కోట్లు దాటింది. జనాన్ని బెదిరించకుండా, వారికి గిట్టుబాటయ్యే దారి తెరిచినందుకు వచ్చిన ఫలితమిది. నా దృష్టిలో రెడ్డిగారి తరం అధికారుల గొప్ప పని ఇదే.

అయితే ఆ ఖాతాలో ఈ సొమ్ము పేరు 'ప్రైవేటు బదిలీలు'. అరబ్బు ఇంట్లో అంట్లు తోమే మన ఆడబిడ్డ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో ఆ ఖాతా చెప్పదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. ఏజెంటుకు దాని కింద రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడిగేవారే తక్కువ.

మనలో జీవితమంతా కాగితాలు చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆదివారం పూట కూర్చుని, ప్రయాణమయ్యే వాళ్ళ ఒప్పంద పత్రాలు చదివి చెప్పగలం. ఇష్టమైనవారు కార్యదర్శిగారికి పేర్లివ్వండి. నా పేరు ఇప్పటికే ఇచ్చాను.