మతం మారకుండా, పెళ్లి దాచకుండా
జంషెడ్‌పూర్‌లోని భాలుబాసాలో చేసిన స్మారకోపన్యాసం

ఈ యేటి ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం వేర్వేరు మతాల, వేర్వేరు సంస్కృతుల స్త్రీపురుషుల మధ్య ప్రేమ, పెళ్లి. సభల్లో మాట్లాడడానికి పెద్దలు జంకే విషయమిది. కానీ జంషెడ్‌పూర్‌లో ఇది ఎవరికీ దూరపు సంగతి కాదు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడిన తర్వాత ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన తెలుగువాళ్లు ఒడియా, బెంగాలీ, పంజాబీ, ఛత్తీస్‌గఢీ, హో, సంతాలీ మాట్లాడేవాళ్లతో కలిసి ఒకే షిఫ్టులో పనిచేశారు, ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టారు, పిల్లల్ని ఒకే బడికి పంపారు. ఇంత దగ్గరగా బతికే చోట వయసు పిల్లల మనసులు కులం, మతం చూసుకునే కలవాలంటే అయ్యే పని కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మతాంతర వివాహాన్ని దెబ్బతీసేది ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడా కన్నా ఎక్కువగా ఆ తేడాను చెరిపేసుకోమనీ, కాదంటే దాచుకోమనీ చట్టమూ సమాజమూ చేసే ఒత్తిడి. మతం మార్చుకోనక్కర్లేకుండా, పెళ్లిని దాచుకోనక్కర్లేకుండా బతకనిస్తే ఈ పెళ్లిళ్లు మిగతా పెళ్లిళ్లలాగే నిలబడతాయి, ఒక్కోసారి వాటిలాగే విఫలమూ అవుతాయి.

మన ఊరి పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉంది. ఈ ఊరికి పేరిచ్చిన జంషెడ్జీ టాటాకు బంధువు, వ్యాపారంలో భాగస్వామి అయిన రతన్‌జీ దాదాభాయ్ టాటా 1902లో పారిస్‌లో సుజాన్ బ్రియేర్ అనే ఫ్రెంచి యువతిని పెళ్లాడారు. ఆమె భర్త మతంలో చేరారు. పార్సీ పురోహితుడు నవ్‌జోత్ అనే దీక్షా సంస్కారం జరిపి నడుముకు కుస్తీ అనే పవిత్ర సూత్రం కట్టించారు, సూనీ అని పేరు పెట్టారు, జరతుష్ట్ర మత పద్ధతిలో పెళ్లి తంతు జరిగింది. చేయవలసినవన్నీ చేశారు. అయినా పార్సీ సమాజంలో తుపాను రేగింది. ఆమెకు అగ్నిదేవాలయంలో అడుగుపెట్టే హక్కు ఉందా, చనిపోతే పార్సీలు శవాలనుంచే దఖ్మాలో చోటు ఉందా అనే ప్రశ్న 1906లో బొంబాయి హైకోర్టుకెక్కింది. ఉక్కు కంపెనీ రిజిస్టరైన రోజుల్లోనే ఆ దావా నడిచింది. 1908లో జస్టిస్ దావర్, జస్టిస్ బీమన్ తీర్పు చెప్పారు. జరతుష్ట్ర మతాన్ని స్వీకరించవచ్చు గాని, అంతమాత్రాన పార్సీల కోసం ఏర్పాటైన ధర్మనిధుల మీద, ఆలయాల మీద హక్కు రాదన్నారు. పార్సీ తండ్రికి పరాయి స్త్రీ వల్ల కలిగిన పిల్లల్ని మతంలో చేర్చుకుంటే వాళ్లు పార్సీలే అన్నారు. పార్సీ తల్లికి పరాయి పురుషుడి వల్ల కలిగిన పిల్లలకు ఆ నిర్వచనంలో చోటు లేకపోయింది. సుజాన్ పెద్ద కొడుకు జేఆర్డీ 1938 నుంచి అర్ధశతాబ్దానికి పైగా టాటా సంస్థలకు అధిపతి. తల్లి, తండ్రి, కొడుకు ముగ్గురి సమాధులూ పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఉన్నాయి.

ఈ కేసును ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. “మా మతంలోకి వస్తే అభ్యంతరం లేదు” అనే మాట మన ఇళ్లలో ఔదార్యంగా చెలామణి అవుతుంది. మతం మారిన కోడలికి కూడా తలుపు తెరుచుకోకపోవచ్చునని 1908 తీర్పు చూపిస్తుంది. మారినందుకు పుట్టింటికి దూరమైన మనిషికి అత్తింటి సమాజంలో నిండు సభ్యత్వం దక్కుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పైగా ఈ ఒత్తిడి ఆడపిల్ల మీద పడినట్టు మగవాడి మీద పడదు. వల్సాడ్‌కు చెందిన ఒక పార్సీ స్త్రీ మతం మారకుండానే ప్రత్యేక వివాహ చట్టం కింద హిందువును పెళ్లి చేసుకుంటే, ఆమె మతం భర్త మతంలో కలిసిపోయిందని 2012లో గుజరాత్ హైకోర్టు భావించింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ ఆలోచనను ప్రశ్నించాకే, తల్లిదండ్రుల అంత్యక్రియలకు ఆమెను రానిస్తామని అక్కడి పార్సీ ట్రస్టు ఒప్పుకుంది. కన్నవాళ్ల అంతిమ సంస్కారంలో కూతురు నిలబడడానికి అయిదుగురు న్యాయమూర్తుల ముందు వాదన జరగవలసి వచ్చింది.

1906 నాటి దావాలో సంస్కరణ పక్షాన నిలిచిన వాదుల్లో సర్ దీన్షా పెటిట్ ఒకరు. పదేళ్లు గడిచాయో లేదో, ఆయన కూతురు రత్తీ మహమ్మద్ అలీ జిన్నాను ప్రేమించింది. దీన్షా ససేమిరా అన్నారు, కోర్టు సాయంతో అడ్డుపడ్డారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆగి, 1918 ఏప్రిల్‌లో ఆమె ఇస్లాం స్వీకరించి జిన్నాను పెళ్లాడింది. అప్పటి చట్టం చూడండి. 1872 నాటి మూడో చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే, తాము హిందువులం గాని, ముస్లింలం గాని, పార్సీలం గాని, మరే ప్రధాన మతస్థులం గాని కామని వధూవరులు ప్రకటించాలి. ఆ షరతు తీసేయాలని భూపేంద్రనాథ్ బసు బిల్లు తెస్తే, 1912లో కేంద్ర శాసనమండలిలో దాన్ని సమర్థించినవారిలో జిన్నా ఒకరు. బిల్లు నెగ్గలేదు. ఆరేళ్లకు ఆయన పెళ్లి దగ్గరికి వచ్చేసరికి, ఉన్న మతాన్ని కాదనడమా, ఒకరు రెండోవారి మతంలోకి వెళ్లడమా అనే రెండు దారులే మిగిలాయి. అలాంటి జిన్నాయే 1938లో కూతురు దీనా పార్సీ కుటుంబంలో పుట్టిన నెవిల్ వాడియాను చేసుకుంటానంటే ఒప్పుకోలేదు. తమ దాకా వస్తే ఇలా అన్నారని దీన్షానో జిన్నానో ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు. విశాల భావాలున్న తండ్రులకు కూడా ఇది కష్టమే. కనుక తండ్రుల మంచితనం మీద ఆధారపడని రక్షణ పిల్లలకు కావాలి.

ఆ 1872 చట్టంతో మన తెలుగువారికీ సంబంధం ఉంది. హైదరాబాదులో పుట్టి పెరిగిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబపు అమ్మాయి సరోజినీ ఛటోపాధ్యాయ, డాక్టర్ గోవిందరాజులు నాయుడు 1898 డిసెంబరు 2న మద్రాసులో పెళ్లి చేసుకున్నది ఆ చట్టం కిందే. దగ్గరుండి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి వెలిని ఎదుర్కొన్న ఆ చేతులే కులాన్నీ భాషనూ దాటిన ఈ పెళ్లినీ నడిపించాయి. సరోజినీ నాయుడు అనే పేరు మనకు ఇంటిపేరంత పరిచయం. ఆ పేరు వెనుక ఒక బెంగాలీ ఇల్లు, ఒక నాయుళ్ల ఇల్లు వియ్యమందిన చరిత్ర ఉందని మరిచిపోతుంటాం.

గాంధీజీ మనసు మారిన తీరూ గమనించదగ్గదే. 1926లో కొడుకు మణిలాల్ కేప్‌టౌన్‌కు చెందిన ముస్లిం యువతిని చేసుకుంటానంటే ఆయన వద్దని ఉత్తరం రాశారు, ఆ పెళ్లి ఆగిపోయింది. 1942లో నెహ్రూ కూతురు ఇందిర, పార్సీ అయిన ఫిరోజ్‌ల పెళ్లి మీద దేశమంతటి నుంచీ కోపపు ఉత్తరాలు వస్తే, ఆయన హరిజన్ పత్రికలో ఆ పెళ్లిని సమర్థించారు. పెళ్లి కోసం మతం మారడాన్ని మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు. ఎవరి మతంలో వాళ్లుండి చేసుకునే పెళ్లి అంటే ఆయనకు అభ్యంతరం లేకపోయింది. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

1954 ప్రత్యేక వివాహ చట్టం వచ్చాక ఎవరి మతంలో వాళ్లుండే పెళ్లి చేసుకోవచ్చు. కానీ పాత నిర్బంధం పోయిన చోట మరొకటి మిగిలింది. ఇద్దరిలో ఒకరైనా 30 రోజులు ఆ జిల్లాలో కాపురముండి నోటీసు ఇవ్వాలి. వివాహాధికారి దాన్ని రిజిస్టరులో ఎక్కించి, అందరికీ కనబడేలా ఆఫీసులో అంటిస్తాడు. ఆ రిజిస్టరు ఎవరైనా పైసా కట్టకుండా చూడవచ్చు. ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వయసు చాలకపోవడం, ముందు పెళ్లి రద్దు కాకపోవడం, నిషిద్ధ బంధుత్వం, మానసిక స్థితి లాంటి చట్టబద్ధమైన కారణాలే చెల్లుతాయి. కారణం లేకుండా వేధించిన వ్యక్తి మీద పడే ఖర్చులు మాత్రం వెయ్యి రూపాయలు దాటవు. అదే ఇద్దరిలో ఒకరు మతం మార్చుకుని ఆర్యసమాజ్‌లో తాళి కట్టించుకుంటే గాని, నిఖా చేసుకుంటే గాని ఈ నెల రోజుల ఎదురుచూపు లేదు. అంటే మతం మారనివాళ్లకు చట్టం దారిని పొడుగు చేసింది, మారేవాళ్లకు దగ్గర చేసింది. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఆ నోటీసు ప్రకటన వధూవరుల ఇష్టాన్ని బట్టే ఉండాలని చెప్పింది. ఆ వెసులుబాటు దేశమంతటికీ రావాలి. అయితే మన జార్ఖండ్‌లో 2017 నాటి మతస్వేచ్ఛ చట్టం మతమార్పిడికి డిప్యూటీ కమిషనర్ ముందస్తు అనుమతి అడుగుతుంది. ఇక్కడ ఏ దారిన వెళ్లినా ఊరికి తెలిసిపోతుంది. ఊరికి తెలియడం తప్పు కాదు. చంపుతామని బెదిరించేవాళ్లకు పేరూ చిరునామా ముందుగా అందడం తప్పు.

దగ్గరి దారి పట్టినవాళ్లు చెల్లించే మూల్యం తర్వాత గాని తెలియదు. మతం మారకుండానే ముస్లిం పురుషుడిని నిఖా చేసుకున్న హిందూ స్త్రీ పెళ్లి క్రమబద్ధం కాదనీ, పిల్లలు సక్రమ సంతానమే గాని ఆమెకు భర్త ఆస్తిలో వారసత్వం రాదనీ సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. హిందువు మతం మారిన తర్వాత పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో వాటా లేదని హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ చెబుతుంది. ప్రత్యేక వివాహ చట్టం కింద పరమతస్థుల్ని చేసుకున్న హిందువు కూడా ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే లెక్క. కాకపోతే ఆ దంపతులకూ పిల్లలకూ భారతీయ వారసత్వ చట్టం స్పష్టంగా వర్తిస్తుంది. ఇరవయ్యేళ్ల పిల్లలకు ఈ సంగతులు చెప్పే పెద్దవాళ్లు లేకపోవడం వల్ల ఎన్నో కాపురాలు ఆసుపత్రి కాగితాల దగ్గర, బ్యాంకు నామినీ దగ్గర చిక్కుకుంటున్నాయి.

ఇక ఆక్షేపణలు. మొదటిది భయం. ఈ పెళ్లిళ్లు మత కలహాలకు దారితీస్తాయంటారు. ఈ ఊరు 1979 ఏప్రిల్‌ను మరిచిపోలేదు. రామనవమి ఊరేగింపు ఏ దారిన వెళ్లాలన్న తగవు ముదిరి నూటికి పైగా ప్రాణాలు పోయాయి. సామరస్యం కోసం తపించిన ఉర్దూ రచయిత జకీ అన్వర్ హతులయ్యారు. మంట భాలుబాసానూ తాకింది. ఆ గొడవకు మూలం ఏ పెళ్లీ కాదు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ విచారణ ఊరేగింపు దారి చుట్టూ, రాజకీయ సంస్థల చుట్టూ తిరిగింది. ఆ తర్వాత మతాల వారీగా బస్తీలు మారిన కుటుంబాలు ఎన్నో. విడివిడిగా బతకడం వల్ల భయం తగ్గిందని ఈ ఊరి చరిత్ర చూసి ఎవరూ అనలేరు.

రెండోది సంస్కృతి కలగలిసి చెడిపోతుందన్న ఆవేదన. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2019–20లో సుమారు 30,000 మందిని అడిగి ప్యూ రీసెర్చ్ సెంటర్ చేసిన సర్వేలో, తమ స్త్రీలు పరమతస్థుల్ని చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం అన్నారు. వివాహితుల్లో 99 శాతం మంది భార్యాభర్తలు ఒకే మతంవాళ్లు. అన్ని మతాల్నీ గౌరవించడం భారతీయతలో ముఖ్య భాగమని అదే సర్వేలో అత్యధికులు చెప్పారు. నూటికి ఒక్క పెళ్లి వల్ల సంస్కృతి కూలిపోదు. మన తెలుగు ఇక్కడ నిలిచిందా లేదా అనేది కోడలి మతం మీద ఆధారపడి లేదు. పిల్లలకు అక్షరాలు దిద్దించామా, ఉగాదికి ఇంట్లో పచ్చడి చేశామా అన్నదాని మీద ఆధారపడి ఉంది. తెలుగు రాని తెలుగింటి పిల్లలు ఈ బస్తీల్లో ఎందరో ఉన్నారు, వాళ్లలో చాలామంది అమ్మానాన్నలు ఒకే కులం.

మూడోది మోసం గురించిన అనుమానం. పేరు మార్చుకుని, మతం దాచి, పెళ్లి పేరుతో వంచించేవాళ్లు లేరని నేననను. అలాంటి వంచనకు శిక్షాస్మృతి ఉంది. అయితే వంచనకు అవకాశమిచ్చేది రహస్యమే. ఇంటికి పిలిచి, ఊరూ పేరూ అడిగి, జీతం, చదువు, మునుపటి పెళ్లి సంగతి విచారించే పెద్దలుంటే మోసగాడు నిలబడలేడు. ప్రేమించానని చెబితే తంతారని తెలిసిన ఇంటి పిల్ల ఏమీ అడగదు, ఏమీ చెప్పదు.

జార్ఖండ్‌లో మరొక ఆక్షేపణ ఉంది, అది ఆదివాసీలది. వాళ్ల ఆడపిల్లల్ని పెళ్లాడి వాళ్ల పేరు మీద భూములు కొనే బయటివాళ్లను చూసి పుట్టిన ఆగ్రహమది. ఆ ఆగ్రహంలో నిజముంది, దికూలం, అంటే బయటి నుంచి వచ్చినవాళ్లం, మనం అది వినాలి. 1908 ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం 46వ సెక్షన్ ఆదివాసీ భూమి బదిలీని కట్టడి చేస్తుంది. భార్య పేరు అడ్డుపెట్టుకుని దాన్ని తప్పించుకోవడం మీద విచారణ జరగాలి, భూమి తిరిగి రావాలి. శిక్ష ఆ లావాదేవీకి పడాలి. ప్రేమించిన ఆదివాసీ స్త్రీని వెలివేస్తే భూమి తిరిగి రాదు.

ఇలాంటి ఆక్షేపణలు హత్యల దాకా వెళ్లిన చోట్లూ ఉన్నాయి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో క్రైస్తవ దళిత కుటుంబపు యువకుణ్ని, కడుపుతో ఉన్న భార్య పక్కనుండగానే, హిందువైన ఆమె తండ్రి కిరాయి మనిషితో చంపించాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం విధించింది. 2022 మేలో సరూర్‌నగర్‌లో ముస్లిం యువతిని పెళ్లాడిన హిందూ దళిత యువకుణ్ని ఆమె సోదరుడు నడివీధిలో చంపాడు. ఒక మతాన్ని వేలెత్తి చూపడానికి ఇక్కడ తావు లేదు. ఈ రెండు ఇళ్లలోనూ చంపినవాళ్లు పరువు కోసమే అనుకున్నారు. చుట్టూ ఉన్న సమాజంలో ఎవరైనా ఒక పెద్దమనిషి, పరువు పోలేదురా, కూతురు పెళ్లి చేసుకుంది అంతే అని ముందుగా, గట్టిగా అని ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. అలా అనగల పెద్దమనుషులు ప్రతి బస్తీలోనూ ఉన్నారని మాత్రం నాకు నమ్మకముంది.

వాళ్లకే ఈ చివరి మాట. ప్రత్యేక వివాహ చట్టం 11వ సెక్షన్ ప్రకారం వధూవరులతో పాటు ముగ్గురు సాక్షులు వివాహాధికారి ముందు సంతకం చేయాలి. ఇప్పుడు ఆ సంతకాలు ఎక్కువగా ఇంట్లో చెప్పకుండా వచ్చిన స్నేహితులవి. తెలుగు సంఘాల పెద్దలు, గుడి కమిటీల వాళ్లు, యూనియన్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు, మసీదు, చర్చి పెద్దలు ఆ స్నేహితుల స్థానంలోకి రండి. ఆ పిల్లల వయసు, ఇష్టం, ఉద్యోగం మీరే విచారించండి. ఏ చట్టం కింద చేసుకుంటే ఆస్తి ఎవరికి పోతుందో ముందే చెప్పించండి. నోటీసు నడిచే 30 రోజులూ ఇద్దరి ఇళ్లకూ వెళ్లి మాట్లాడండి, బెదిరింపులుంటే పోలీసు స్టేషన్‌కు మీరే తోడు వెళ్లండి. ముప్ఫయ్యొకటో రోజున సాక్షుల గడుల్లో అటు ఇంటి పక్షాన ఒకరు, ఇటు ఇంటి పక్షాన ఒకరు, బస్తీ పక్షాన ఒకరు సంతకం పెట్టండి.